వాడని క్లాకులను కెర్నల్ ఆపేయాలా, వదిలేయాలా?

ధర్మసాగర్ దారి:
హనుమకొండలో వ్యవసాయ మోటార్లకు కంట్రోలర్ బోర్డు చేస్తున్నాం. లినక్స్‌ను లేపే బూట్‌లోడర్ స్క్రీన్ మీద బొమ్మ చూపిస్తుంది, లినక్స్ లేచేసరికి స్క్రీన్ నల్లబడుతుంది. రెండు వారాలు వెతికితే తేలింది: డిస్‌ప్లే క్లాకును (చిప్‌లో ఆ భాగం నడవడానికి తాళం వేసే సిగ్నల్) ఏ డ్రైవరూ (హార్డ్‌వేర్‌ను నడిపే కోడ్) అడగలేదని లినక్స్ కెర్నల్ బూట్ చివర్లో ఆపేస్తోంది. వాడని క్లాకులను ఆపొద్దని చెప్పే సీఎల్‌కే ఇగ్నోర్ అన్‌యూజ్డ్ పారామీటర్ బూట్ లైనులో పెట్టాను, బాగైంది. నడుస్తున్న క్లాకును ఆపే పెత్తనం కెర్నల్‌కు ఎందుకు?

కాజీపేట జంక్షన్:
బాగు కాలేదు తమ్ముడూ, కప్పిపెట్టావు. ఆ పారామీటర్ డీబగ్ (తప్పు వెతకడం) కోసమని, డ్రైవర్లు సరిగా ఉంటే దాని అవసరమే రాకూడదని కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో రాసి ఉంది. డ్రైవర్ ఒక క్లాకును ఎనేబుల్ చేస్తే దాని కౌంట్ (ఎంతమంది అడిగారనే లెక్క), అది ఏ క్లాకుల నుంచి వస్తుందో ఆ పై క్లాకుల కౌంట్, వేగం పుట్టించే పీఎల్‌ఎల్ దాకా పెరుగుతాయి. కౌంట్ 0 ఉండి తిరుగుతున్న క్లాకు అంటే ఎవరూ అడగని నీళ్లు. నీరటి తూము మూసేయడా?

భీమారం:
మా ఊరి నీరటి రైతులను అడగకుండా మూయడు.

ధర్మసాగర్ దారి:
అదే నా మాట. డ్రైవర్ కెర్నల్‌లో కలవకుండా మాడ్యూల్ అనే విడి ఫైలుగా ఉంటే రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ అయ్యాకే లోడ్ అవుతుంది. అప్పటికే క్లాకు ఆగిపోయి ఉంటుంది. ఎవరూ అడగని రెగ్యులేటర్లను (చిప్ భాగాలకు కరెంటు ఇచ్చేవి) ఆపడానికి ఇదే కెర్నల్ 30 సెకన్లు ఆగుతుంది. క్లాకులకు ఎందుకు ఆగదు?

కాజీపేట జంక్షన్:
డీబగ్ కోసమని రాసి ఉందా, లేదా? ముందు అది చెప్పు.

పరకాల రోడ్డు:
2012లో 3.4 కెర్నల్‌తో కామన్ క్లాక్ ఫ్రేమ్‌వర్క్ (క్లాకులన్నింటికీ ఒకే ఉమ్మడి కోడ్) వచ్చింది. అంతకుముందు ఒక్కో ఆర్మ్ చిప్ కుటుంబానికి ఒక్కో క్లాక్ కోడ్. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పుడున్నదాన్ని తిట్టరు.

ధర్మసాగర్ దారి:
రాసి ఉంది అన్నా, చదివాను. చిప్ అమ్మినవాళ్లు ఏ క్లాకు దేని నుంచి వస్తుందో చూపే క్లాక్ ట్రీ బొమ్మ కూడా ఇవ్వలేదు, అది ఎక్కడ చదవాలి? మెయిల్ పెడితే మా కెర్నల్‌లో పనిచేస్తోంది అన్నారు, అంతే. ఆఫీసులో మాట పడ్డది నేను. మీరు అందరూ డ్రైవర్ సరిగా రాయమంటారు. దేన్ని చూసి రాయాలి?

కాజీపేట జంక్షన్:
నేనూ మాట పడ్డాను. పాత ఉద్యోగంలో సోలార్ మీద నడిచే యూనిట్‌లో ఎవరో ఇదే పారామీటర్ వదిలేశారు. రాత్రంతా ఎవరూ అడగని క్లాకులు కూడా తిరిగి, తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. పొలం గట్టు మీద నిలబడి రైతుకు జవాబు చెప్పింది నేను. అసలు తప్పు ఎక్కడుందో ఆరు నెలలదాకా ఎవరికీ తెలియలేదు. స్క్రీన్ నల్లబడితే తప్పు నీ బల్ల మీదే కనిపిస్తుంది. వదిలేస్తే రైతు దగ్గర బయటపడుతుంది. నా కోపం నీ మీద కాదు, ఆ దాచడం మీద.

ధర్మసాగర్ దారి:
ఈ మాట మొదటి పోస్టులోనే చెప్పి ఉంటే బాగుండేది.

పరకాల రోడ్డు:
తమ్మీ, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏమేమి ఉన్నాయో కెర్నల్‌కు చెప్పే ఫైలు) సింపుల్ ఫ్రేమ్‌బఫర్ నోడ్ ఉంటే దానికి క్లాక్స్ ప్రాపర్టీ రాయి. బూట్‌లోడర్ వెలిగించిన స్క్రీన్‌ను నిలబెట్టడానికే అది ఉంది. ఏ క్లాకులో తెలియకపోతే కెర్నల్ లోపలి సంగతులు చూపే డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో క్లాక్ సమ్మరీ అనే పట్టిక చూడు. కొత్త కెర్నల్‌లో హార్డ్‌వేర్ ఎనేబుల్ అనే వరుస ఉంటుంది. కౌంట్ 0 ఉండి అక్కడ వై (తిరుగుతోందని అర్థం) ఉన్నవే నీ అనుమానితులు.

ధర్మసాగర్ దారి:
రాత్రి చూశాను. అలాంటివి పదకొండు. అందులో రెండు రాస్తే స్క్రీన్ నిలిచింది, పారామీటర్ తీసేశాను. ఇంకొకటి ఆపితే బోర్డు మొత్తం బిగుసుకుపోతోంది. చిప్ భాగాలను కలిపే బస్ క్లాకు అనుకుంటున్నా, దానికి డ్రైవర్ లేదు.

కాజీపేట జంక్షన్:
దానికి క్లాక్ డ్రైవర్‌లో క్రిటికల్ ఫ్లాగ్ (ఎప్పుడూ ఆపొద్దనే గుర్తు) పెట్టు. ఎందుకు పెట్టావో పక్కనే రెండు లైన్లు కామెంట్ రాయి, నీ తర్వాత వచ్చేవాడికి తెలియాలి. మిగతా ఎనిమిదింటి పేర్లు ఇక్కడ పెట్టు, ఆదివారం చూస్తా.

ధర్మసాగర్ దారి:
పెడతా అన్నా. కానీ 30 సెకన్ల సంగతి మాత్రం నేను ఒప్పుకోలేదు.