కారణం తెలిశాక ఆశ్చర్యం తగ్గుతుందా?

వెన్నెల_నడక:
ఇంద్రధనుస్సు ఎలా వస్తుందో చదువుకున్నాక ఇక అందులో చూడ్డానికేముంది అని ఒక స్నేహితుడు అన్నాడు. నాకైతే ఆ మాట మింగుడు పడలేదు. చినుకులోకి దూరిన వెలుతురు వంగి, వెనక గోడకి తగిలి, దాదాపు 42 డిగ్రీల కోణంలో తిరిగి బయటికొస్తుంది, ఆ కోణం నా కంటిని బట్టి ఉంటుంది కాబట్టి నా పక్కన నిలబడ్డ మనిషికి కనిపించేది వేరే చినుకుల నుంచి వచ్చిన వెలుతురు. అంటే ఎవరి ఇంద్రధనుస్సు వాళ్ళదే! ఇది తెలిశాకే నాకు దాని మీద ప్రేమ పెరిగింది. మీకూ అలా తెలిసేకొద్దీ వింతగా తోచినవి ఏమైనా ఉన్నాయా?

రెక్కల_లెక్క:
గాడ్‌విట్ పక్షి అండీ, అనుమానమే లేదు. 2022లో ఐదు నెలల వయసున్న ఒక పిల్లపక్షి అలాస్కాలో బయల్దేరి టాస్మేనియాలో దిగింది, 13,560 కిలోమీటర్లు, 11 రోజులు, మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఒంటికి కట్టిన చిన్న పరికరం ఉపగ్రహానికి కబురు పంపుతూ ఉండబట్టి మనకి తెలిసింది. తిండి లేదు, నీళ్ళు లేవు, కింద సముద్రమే. అంతకన్నా వింత ఏంటంటే, ఈ పక్షులు బయల్దేరే ముందు విపరీతంగా తిని కొవ్వు పట్టిస్తాయి, ఆ తర్వాత ఇక దారిలో పనికిరావు కాబట్టి పేగులు, కాలేయం లాంటివి కుంచించుకుపోతాయి. ఆ పిల్ల అంతకు ముందు ఎప్పుడూ ఆ దారి చూసింది కాదు.

మబ్బు_పట్టిన_రోజు:
నాకు సంపూర్ణ సూర్యగ్రహణం. సూర్యుడు చంద్రుడికన్నా దాదాపు 400 రెట్లు పెద్ద, దాదాపు 400 రెట్లు దూరం, అందుకే ఒకటి ఇంకోదాన్ని సరిగ్గా కప్పేస్తుంది. చంద్రుడు ఏటా 3.8 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాడు, కోట్ల ఏళ్ళ తర్వాత వచ్చేవాళ్ళకి ఇది దక్కదు.

నిదానం:
నేను కొంచెం వేరేగా ఆలోచిస్తాను. అంకెలు చదివినప్పుడు ఒక నిమిషం అబ్బా అనిపిస్తుంది, మర్నాటికి పోతుంది. ఒకే చీమల బారు దగ్గర అరగంట కూర్చుని చూడండి, ఎదురెదురుగా వచ్చినవి మీసాలు తాకించుకుని వెళ్తుంటాయి, దారికి అడ్డంగా వేలితో గట్టిగా రుద్దితే ముందున్నవి తడబడి వెతుక్కుంటాయి. వాసన దారి చెరిగిపోయిందన్న సంగతి పుస్తకంలో ఎప్పుడైనా చదువుకోవచ్చు, ముందు చూడాలి. చూడకుండా తెలుసుకున్నది నాలో నిలవదు.

ఇసుక_గాలి:
అన్నీ కళ్ళతో చూడలేం కదండీ. సహారా ఎడారి ధూళి అట్లాంటిక్ దాటి అమెజాన్ అడవి మీద పడుతుంది. అందులో కొంత చాద్ దేశంలో ఒకప్పుడు సరస్సు ఉన్న లోయ నుంచి లేస్తుంది, అక్కడి మట్టిలో ఎప్పుడో చచ్చిపోయిన సూక్ష్మజీవుల అవశేషాలుంటాయి. ఉపగ్రహాల కొలతల్ని బట్టి, ఏటా సుమారు 22,000 టన్నుల ఫాస్ఫరస్, అంటే మొక్కలు పెరగడానికి కావాల్సిన పోషకం, ఇలా ఆ అడవికి చేరుతుందని లెక్కగట్టారు, వానలకి కొట్టుకుపోయేదానికి దాదాపు సరిపడా! ఎక్కడి ఎడారి, ఎక్కడి అడవి! ఈ సంగతి ఉపగ్రహం లేకుండా ఎవరు చూడగలిగేవారు?

వెన్నెల_నడక:
రెక్కల_లెక్క గారూ, మరి 11 రోజులు దాహం సంగతో?

రెక్కల_లెక్క:
కొవ్వు ఖర్చయ్యేటప్పుడు ఒంట్లోనే నీరు పుడుతుందండీ. దాని ఇంధనమే దాని నీళ్ళు కూడా.