ఇది దేవుని చిత్తమా, నా ఆశా? ఎలా తెలుసుకోవాలి?

అందరికీ వందనాలు. మాది మిర్యాలగూడ, ఇక్కడే ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. హైదరాబాద్‌లో ఇంకో ఉద్యోగం వచ్చింది, జీతం ఎక్కువే, కానీ నేను పోతే షుగర్ ఉన్న అమ్మ ఇంట్లో ఒక్కతే అయిపోతుంది. నెలాఖరులోపు ఏదో ఒకటి చెప్పాలి. ప్రార్థన చేస్తూనే ఉన్నా, ఏమీ తోచడం లేదు, టెన్షన్ మాత్రం పెరుగుతోంది.

మా సంఘంలో ఒక అక్క రెండు చీటీలు రాసి బైబిల్లో పెట్టి, ప్రార్థన చేసి ఒకటి తీయమంటోంది. అపొస్తలుల కార్యములు 1లో యూదా స్థానంలో అపొస్తలుడిగా మత్తీయను చీట్లు వేసే ఎన్నుకున్నారు కదా అంటుంది. నిజమే, కానీ 2వ అధ్యాయంలో పరిశుద్ధాత్మ దిగివచ్చాక శిష్యులు మళ్లీ చీట్లు వేసినట్టు నాకెక్కడా కనబడలేదు. పాత నిబంధనలో న్యాయాధిపతి గిద్యోను గొర్రెబొచ్చు మీద మంచు గుర్తు అడిగింది కూడా, అతని చేత ఇశ్రాయేలును రక్షిస్తానని దేవుడు ముందే మాట ఇచ్చాక. అందుకే నాకు మనసొప్పడం లేదు. పాస్టర్ గారేమో యాకోబు 1:5 చూపించి, జ్ఞానం అడుగు, తర్వాత నువ్వే ఆలోచించుకో అన్నారు. అమ్మనడిగితే "నీ ఇష్టం బిడ్డా" అంటుంది, అది ఇంకా కష్టం.

మనసులో సమాధానం (అంటే నెమ్మది) వచ్చింది అంటారే, అది దేవుడిచ్చిందో, జీతం మీద ఆశతో వచ్చిందో మీరెలా గుర్తుపట్టారు? వాక్యాలు పంపేవాళ్లు దయచేసి మీకెలా జరిగిందో కూడా రాయండి.