ఎర్త్‌వార్మ్ జిమ్: గాజు బుడగ దగ్గరే ఆగిపోతున్నా, లోపం చేతిదా టీవీదా?

నల్లకుంట_ప్యాడ్:
సెగా జెనెసిస్ (క్యాసెట్లతో ఆడే పాత వీడియో గేమ్ కన్సోల్) మోడల్ 1, అమెరికా సెట్టు. 1994 నాటి ఎర్త్‌వార్మ్ జిమ్ (జిమ్ అనే వానపామే హీరో) మొదటి భాగం, క్యాసెట్ అసలుదే. ఎల్‌ఈడీ టీవీకి ఏవీ (పాత పసుపు, తెలుపు, ఎరుపు జాక్‌లు) నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా ద్వారా కలిపాను. న్యూ జంక్ సిటీ, ఆ తర్వాత పిల్లి ఉండే నరకం లెవెల్ అయిపోయాయి. డౌన్ ద ట్యూబ్స్‌లో జిమ్ గాజు బుడగలో కూర్చుని నీళ్లలో వెళ్లే చోట మాత్రం ముందుకు పోలేకపోతున్నా. బటన్ వదిలాక కూడా బుడగ సాగిపోయి గోడకు తగులుతోంది, పగుళ్లు పెరిగి పగిలిపోతోంది. నెమ్మదిగా వెళ్తే గాలి అయిపోతోంది. క్యాసెట్‌లో సేవ్ లేదు, పాస్‌వర్డ్ లేదు, ప్రతిసారీ మొదటి నుంచి రావాలి. ఇంకో సంగతి, జిమ్ పరుగెత్తేటప్పుడు ఒంటి అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తున్నాయి. దీనికీ దానికీ సంబంధం ఉందా?

కోఠి_సోల్డర్:
ఉంది. ఆ దువ్వెన పళ్లే అసలు సాక్ష్యం.

జెనెసిస్ పంపేది 240పీ. అంటే సెకనుకు 60 బొమ్మలు, ఏ బొమ్మకా బొమ్మే పూర్తిది. మీ డబ్బా దాన్ని 480ఐ అనుకుంటోంది, అంటే సగం సగం బొమ్మలు వస్తున్నాయనుకుని రెండేసి కలిపి అల్లుతోంది. కదలని చోట తేడా తెలియదు. పరుగెత్తే జిమ్ ఒక బొమ్మలో ఇక్కడ, తర్వాతి బొమ్మలో కొంచెం ముందు ఉంటాడు కాబట్టి రెండూ కలిసి అంచున పళ్లు తేలతాయి. కలపాలంటే మొదటి బొమ్మను పట్టుకుని రెండోదాని కోసం ఆగాలి కదా, ఆలస్యం అక్కడ మొదలవుతుంది. దాని మీద టీవీ తన మెరుగులు తాను దిద్దుతుంది. మొత్తం కలిసి 100 మిల్లీసెకన్లు అయిందనుకోండి, 6 ఫ్రేములు (బొమ్మలు) పోయినట్టే. మామూలు లెవెల్లో చెయ్యి సర్దుకుంటుంది. బుడగకు బ్రేకు 6 ఫ్రేములు ఆలస్యంగా పడితే గోడే.

ముందు ఖర్చు లేనివి చేయండి. టీవీలో గేమ్ మోడ్ ఆన్, మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ ఆఫ్. తర్వాత టీవీ పక్కన ఏవీ అని రాసిన 3.5 ఎంఎం రంధ్రం ఉందేమో తడిమి చూడండి, చాలా ఎల్‌ఈడీ టీవీల్లో ఉంటుంది, ఎవరూ చూడరు. దానికి మూడు తోకల కేబుల్ కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. ఒక్కో కంపెనీ పిన్నుల వరస ఒక్కోలా పెడుతుంది. బొమ్మ రాకుండా గీ మని శబ్దం వస్తే కేబుల్ పాడైందని పారేయకండి, పసుపు జాక్‌ను ఎరుపులోకో తెలుపులోకో మార్చి చూడండి. బొమ్మ నలుపు తెలుపుల్లో వస్తే మెనూలో కలర్ సిస్టమ్‌ను పాల్ (మన పద్ధతి) నుంచి ఆటోకు గానీ ఎన్‌టీఎస్‌సీకి (అమెరికా పద్ధతి) గానీ మార్చాలి.

టీవీకి ఆ రంధ్రం లేకపోయినా, నేరుగా పెట్టినా పళ్లు పోకపోయినా, 240పీని 240పీగానే గుర్తించి, గీతలను రెట్టింపు చేసి హెచ్‌డీఎంఐకి ఇచ్చే డబ్లర్ అనే డబ్బా కావాలి. అలాంటివాటిలో రెట్రోటింక్ 2ఎక్స్ ఏవీ తీసుకుంటుంది. ఓఎస్ఎస్‌సీ అనేది తీసుకోదు, దానికి ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా వెళ్లే సిగ్నల్) ఇవ్వాలి. మోడల్ 1 వెనక ఉన్న 8 పిన్నుల సాకెట్‌లో ఆర్‌జీబీ ఉంది కాబట్టి స్కార్ట్ అనే ఆర్‌జీబీ కేబుల్‌తో అదీ కుదురుతుంది.

అడగకపోయినా ఒక మాట: అమెరికా సెట్టుతో వచ్చే అడాప్టర్ 120 వోల్టులది. మన 230లో నేరుగా పెడితే కాలిపోతుంది. స్టెప్‌డౌన్ (230ని 120కి దించే ట్రాన్స్‌ఫార్మర్) వాడండి, లేదంటే ఇక్కడే 9 వోల్టుల డీసీ అడాప్టర్, కనీసం 1.2 ఆంపియర్లది కొనండి. మోడల్ 1కి ప్లగ్గు మధ్యలో మైనస్ రావాలి. బజార్లో దొరికేవాటిలో ఎక్కువ భాగం మధ్యలో ప్లస్, మోడల్ 2కి కావలసింది అది. కొన్న చోటే మల్టీమీటర్ పెట్టి చూడండి.

ఎర్ర_జిమ్:
అన్న చెప్పింది కరెక్ట్, కానీ ల్యాగ్ (గా ఆలస్యం) పోయినంత మాత్రాన బుడగ జారుడు ఆగదు. అది గేమ్‌లనే ఉన్నది. గట్లనే ఆడాలె.

ప్యాడ్ నొక్కి పట్టుకోవద్దు. టక్కున నొక్కి వదులు, జారనీ, మలుపు రాకముందే ఎదురు దిక్కుకు ఒక్క టక్. గదే బ్రేకు. మలుపు కాడికొచ్చినంక బ్రేకు ఏస్తే లేట్ అయినట్టే. ఏటవాలుగ నొక్కకు, రెండు దిక్కుల స్పీడు ఎక్కితే రెండు బ్రేకులు ఎయ్యాలె. ముందు పక్కకు ఆపు, ఆపినంక కిందికి దించు.

గోడకు తాకినంక చాలామంది బెదిరి ఎదురు దిక్కుకు గట్టిగ నొక్కుతరు. బుడగ తాకంగనే ఎనుకకు ఎగురుతది, దానికి నీ స్పీడు తోడైతే అవతలి గోడకు ఇంకింత జోరుగ తగుల్తది. ఒక్క దెబ్బకు రెండు మూడు పగుళ్లు వచ్చేది అందుకే. తాకినప్పుడు ఏలు తీసెయ్, నెమ్మదైనంక మళ్ల మొదలుపెట్టు.

గాలి సంగతి: దారి ఎరుక లేకపోతే గాలి సరిపోదు. ఒక లైఫ్ ఇడిసిపెట్టి, గాజు పగిలినా సరే అనుకొని, గాలి నింపే మొదటి జాగ ఏడున్నదో చూసిరా. దారి తెలిసినంక అంత దూరం వొక్కటే గురి, అక్కడ నింపుకొని తర్వాతి దాని గురించి ఆలోచించు.

బుడగ లేని చోట్ల పిల్లి గార్డులతోని కొట్లాటకు దిగకు. పెద్ద చిట్టెలుక దొరికితే ఎక్కి కూసో, పిల్లులను అదే మింగుతది.

జెన్‌ప్లస్_తార్నాక:
టీవీ ఏ రకంగానూ దారికి రాకపోతే కంప్యూటర్ మీద రెట్రోఆర్క్ (పాత గేములు నడిపే సాఫ్ట్‌వేర్), అందులో జెనెసిస్‌ను అనుకరించే జెనెసిస్ ప్లస్ జీఎక్స్ కోర్ వాడండి. ఆలస్యం లెక్కించడం సులువు: కీబోర్డు మీద పీ నొక్కి గేమ్ ఆపండి, ప్యాడ్ మీద జంప్ నొక్కి పట్టుకుని కే ఒక్కొక్కసారి నొక్కండి. ఒక్కో కేకి ఒక్కో ఫ్రేము కదులుతుంది. మూడో నొక్కుకు జిమ్ లేస్తే ఆలస్యం 2 ఫ్రేములు. లేటెన్సీ మెనూలో రన్ అహెడ్ (ఆ ఆలస్యపు ఫ్రేములను ముందే లెక్కించి దాటేసే సదుపాయం) ఆన్ చేసి 2 పెట్టండి. లెక్క కంటే ఎక్కువ పెడితే జిమ్ గంతు మొదటి ఫ్రేములు ఎగిరిపోయి కుదుపుగా కనిపిస్తాడు. రీజియన్ అమెరికా, 60 హెర్ట్జ్ ఉండాలి. 50లో గేమ్ దాదాపు 17 శాతం నెమ్మదిస్తుంది, బుడగ తేలికనిపిస్తుంది కానీ పాట కూడా సాగుతుంది. ఈ గేమ్‌కు టామీ టలారికో ఇచ్చిన సంగీతాన్ని అలా వినకూడదు.

నల్లకుంట_ప్యాడ్:
టీవీ పక్కన ఏవీ రంధ్రం ఉంది! పసుపును ఎరుపులో పెడితే బొమ్మ వచ్చింది, పళ్లు పోయాయి. ఏలు తీసేయమన్న మాట బాగా పనిచేసింది, గాలి నింపే మొదటి చోటు దాకా రెండే పగుళ్లు. ఇక రెండు ప్రశ్నలు. ఒక్కోసారి ఆన్ చేస్తే నల్ల తెరే వస్తోంది, క్యాసెట్ తీసి పెడితే గానీ రాదు. కుక్కపిల్ల లెవెల్ కష్టమంటున్నారు, ఏం తెలుసుకుని వెళ్లాలి?

కోఠి_సోల్డర్:
నల్ల తెరకు నోటితో ఊదకండి, తడికి పిన్నులు చిలుము పడతాయి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవి పుల్ల చాలు. పిన్ను పొడవునా, రెండు వైపులా, పుల్ల నల్లబడటం ఆగేదాకా తుడిచి పది నిమిషాలు ఆరనివ్వండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే పిన్నుల పూత పోతుంది. లోపలిదాకా తుడవాలంటే క్యాసెట్ స్క్రూలకు 3.8 ఎంఎం బిట్ (స్క్రూడ్రైవర్ మొన) కావాలి, 4.5 ఎంఎంది పట్టదు.

ఎర్ర_జిమ్:
కుక్కపిల్ల పేరు పీటర్. దానంతట అదే నడుస్తది, ఆగదు. గుంత అంచుకు రాంగనే జిమ్ తలతోని కొరడా కొట్టు, ఎగిరి దాటుతది. తొందరపడి ముందే కొడితే గుంతల పడ్తది. పడినా, దెబ్బ తాకినా రాక్షసి లెక్క ఉబ్బి జిమ్‌ను పట్టి కుమ్మి ఎనుకకు ఈడ్చుకపోతది. అందుకే పీటర్ కంటె ఒక అడుగు ముందుండు, పైనుంచి రాలే రాళ్లను అవి కిందికి రాకముందే తుపాకితోని పేల్చు. తూటాలు ముందటి లెవెల్‌లనే ఒడగొట్టుకోకు, ఇక్కడ బాగ కావాలె.