తొమ్మిదో తరగతి అమ్మాయికి ట్రాక్ పరుగా, క్రాస్ కంట్రీయా?

ప్రశ్న: ఒక తండ్రి, ఉరవకొండ, అనంతపురం జిల్లా

అందరికీ నమస్కారం. మా పాప తొమ్మిదో తరగతి చదువుతోంది. రెండేళ్లుగా స్కూలు తరఫున 800 మీటర్ల పందెంలో పాల్గొంటోంది. ట్రాక్ సాధన, క్రాస్ కంట్రీ (ట్రాక్ బయట మట్టి బాటల మీద, ఎగుడుదిగుడు నేల మీద పరుగెత్తే దూరపు పందెం) సాధన ఈ ఏడాది ఒకే వేళకు పడుతున్నాయని, రెండింటిలో ఏదో ఒకటి నిర్ణయించుకుని పది రోజుల్లో చెప్పమని పీఈటీ సార్ కబురు పెట్టారు.

మా స్కూలు మైదానంలో సున్నంతో గీసే ట్రాక్ 200 మీటర్లే. దాని మీద 800 అంటే నాలుగు రౌండ్లు, ఎనిమిది మలుపులు. ప్రతి మలుపు దగ్గరా పాప వేగం తగ్గడం పక్కన నిలబడిన నాకే తెలుస్తుంది. అదే పొద్దున్నే నేను చేనికి బయల్దేరినప్పుడు హంద్రీ-నీవా కాలువ గట్టు మీద నా బండి వెంబడి పరుగెత్తుతూ వస్తే, మూడు కిలోమీటర్లు దాటినా నాతో మాట్లాడుతూనే ఉంటుంది. గట్ల మీద, రాళ్లలో పరుగెత్తితే కాలు బెణుకుతుందని వాళ్లమ్మ భయపడుతోంది. నేను శెనక్కాయ పండించే రైతును, పందేల సంగతి నాకు తెలియదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పగలరు.

సమాధానం: 1500 మీటర్ల మాజీ క్రీడాకారుడు, కర్నూలు

అన్నా, చిన్న ట్రాక్ మీద మలుపుల దగ్గర తగ్గుతోంది కాబట్టి పాప ట్రాక్‌కు పనికిరాదని అనుకోవద్దు. 400 మీటర్ల ట్రాక్ మీద 800 అంటే రెండే రౌండ్లు, నాలుగే మలుపులు, అవి కూడా విశాలంగా ఉంటాయి. మట్టి మీద ఇరుకుగా గీసిన మలుపులో కాలు జారుతుందేమోనని ఎవరైనా అడుగు కుదించుకుంటారు. కాబట్టి ఒకసారి 400 మీటర్ల ట్రాక్‌కు తీసుకువెళ్లి 800 పరుగెత్తించండి, నాలుగు రోజులు ఆగి 3000 పరుగెత్తించండి, ప్రతి రౌండుకూ పట్టిన సమయం కాగితం మీద రాసుకోండి. 3000 అంటే ఏడున్నర రౌండ్లు. చివరి రెండు రౌండ్లు మొదటి రెండింటితో సమానంగా వస్తే ఆ పాప దమ్ము దూరానిదని అర్థం.

నా అభిప్రాయం మాత్రం ఈ ఏడాదికి క్రాస్ కంట్రీయే. నాకు తొమ్మిదో తరగతి నుంచి ఏడాది పొడుగునా ట్రాక్ మీదే, స్టాప్‌వాచీ ముందే సాధన చేయించారు. వారానికి నాలుగు రోజులు 400 మీటర్ల విసురు పరుగులు, నడుమ రెండు నిమిషాల విశ్రాంతి, మళ్లీ అవే. మొదట్లో పందేనికి నాకు పట్టే సమయం బాగా తగ్గింది. ఇంటర్ రెండో ఏడాదికి మోకాలి కింద ముందరి ఎముక వెంబడి నొప్పి మొదలై, పొద్దున లేచి మంచం దిగి మొదటి అడుగు వేయడమే కష్టమైంది. మెత్తటి నేల మీద నెమ్మదిగా, పొడుగ్గా పరుగెత్తి దమ్ము పెంచుకోవలసిన వయసులో నేను ఆ పని చేయలేదు, నాతో ఎవరూ చేయించలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

క్రాస్ కంట్రీ ఎంచుకుంటే ట్రాక్ దూరమైపోతుందన్న భయం అక్కర్లేదు. అవినాశ్ సాబ్లే మన అనంతపురంలాగే కరువు చూసిన మహారాష్ట్ర బీడ్ జిల్లా బిడ్డ. సైన్యంలో చేరి, 2015లో అక్కడి క్రాస్ కంట్రీ పోటీల్లో పరుగెత్తి, ఆ తర్వాతే ట్రాక్ మీద అడ్డుకర్రలు, నీటిగుంట దాటుతూ పరుగెత్తే 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లోకి వచ్చాడు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో 8 నిమిషాల 11.20 సెకన్లతో రజతం తెచ్చాడు. కెన్యాకు చెందిన కిప్చోగే 2003లో ప్రపంచ క్రాస్ కంట్రీ జూనియర్ పందెం గెలిచి, అదే ఏడాది పారిస్‌లో ట్రాక్ మీద 5000 మీటర్ల ప్రపంచ విజేత అయ్యాడు.

సమాధానం: వ్యాయామ ఉపాధ్యాయురాలు, కడప

పై సోదరుడు చెప్పిన దానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ పాప తల్లిగారి భయాన్ని తీసిపారేయవద్దని మనవి. గట్టు మీద పరుగులో చీలమండ బెణకడం నిజంగా జరిగేదే. అయితే ఎగుడుదిగుడు నేలకు కొద్దికొద్దిగా అలవాటుపడిన కాలు బలపడుతుంది. మరోవైపు ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమకే తిరుగుతూ పరుగెత్తడం వల్ల రెండు కాళ్ల మీదా భారం సమానంగా పడదు. అందుకే నా దగ్గర సాధన చేసే పిల్లల్ని తీరిక పరుగుల్లో కుడివైపు నుంచి కూడా తిప్పుతాను. మొదటి నెల ఎర్రమట్టి బాటల మీదే పరుగెత్తించండి. వాన పడిన రోజు నల్లరేగడి వైపు పోనివ్వకండి. పది అడుగులకే బూటుకు ముద్దగా అంటుకుని, ఒక్కో కాలు కిలో బరువు మోస్తున్నట్లుంటుంది, మడమ మెలిపడేది అప్పుడే.

ఎండ సంగతి ఇంకా ముఖ్యం. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో మండే ఎండలో క్రాస్ కంట్రీ నడిపితే 38 మంది బయల్దేరి 15 మందే పూర్తి చేశారు, ఆ తర్వాత ఒలింపిక్స్‌లో ఆ పోటీయే పెట్టలేదు. మన సీమలో ఫిబ్రవరి దాటాక పొద్దున ఏడు గంటలలోపు సాధన ముగించాలి.

ఆడపిల్ల కాబట్టి ఇంకొక మాట చెప్పాలి. దూరపు పరుగు మొదలుపెట్టే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. రక్తం తక్కువున్న పిల్ల ఎంత సాధన చేసినా రెండో కిలోమీటరుకే ఆయాసపడుతుంది, మనం బద్ధకమని తిడతాం. రాగిసంకటి, ఆకుకూర పప్పు, గుడ్డు, వేయించిన శెనక్కాయలు మన ఇళ్లలో ఉండేవే, అవి ఆకలి తీరా పెట్టండి.

క్రాస్ కంట్రీలో జట్టు కూడా ఉంటుంది. సాధారణంగా ఒక్కో జట్టులో మొదట వచ్చిన నలుగురి స్థానాలను కలుపుతారు, తక్కువ మొత్తం వచ్చిన జట్టు గెలుస్తుంది. ఒక జట్టు పిల్లలు 2, 5, 9, 30 స్థానాల్లో వస్తే మొత్తం 46. ఇంకో జట్టు 6, 8, 10, 12లో వస్తే 36, గెలుపు వాళ్లదే. వెనకపడిన నాలుగో పిల్ల కోసం మిగతా ముగ్గురూ కేకలు వేయడం నేను ఏటా చూస్తాను. ఒంటరిగా గీత మీద నిలబడటానికి బెదిరే పిల్లలకు అది ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేను.

సమాధానం: ఒక తండ్రి, ఆదోని

నేను కొంచెం వేరుగా ఆలోచిస్తాను. 800 మీటర్లకు పాపకు పట్టిన సమయాన్ని ఏ జిల్లా పిల్ల సమయంతోనైనా పోల్చవచ్చు. క్రాస్ కంట్రీ దారి ఒక్కో చోట ఒక్కో విధంగా ఉంటుంది కాబట్టి అక్కడ స్థానమే తప్ప టైమింగ్‌తో పోలిక కుదరదు. మా అబ్బాయిని ఒక కోచ్ దగ్గరికి తీసుకువెళ్లినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న టైమింగ్ ఎంత అని. ఏది ఎంచుకున్నా నెలకొకసారి ట్రాక్ మీద సమయం తీయించి తేదీతో సహా రాసిపెట్టుకోండి.

ప్రశ్న అడిగిన తండ్రి

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే రెండుసార్లు 400 మీటర్ల ట్రాక్‌కు తీసుకువెళ్లాం. 800లో మొదటి రౌండు 1 నిమిషం 20 సెకన్లు, రెండోది 1 నిమిషం 32. 3000లో మొదటి రౌండు 1 నిమిషం 46, చివరి రెండూ 1 నిమిషం 46, 1 నిమిషం 44. ఫోన్‌లో సమయం చూసింది వాళ్లమ్మే, ఆఖరి రౌండు అంకె చూసి పాపను ఇంకో రౌండు పోతావా అని అడిగింది. రక్తపరీక్ష సోమవారం ఉంది, అది చూసుకుని క్రాస్ కంట్రీ అని పీఈటీ సార్‌కు చెబుతాం. ఎర్రమట్టి బాటకు, గట్టుకు ఒకే జత బూట్లు సరిపోతాయా, లేక వేరుగా కొనాలా? మేడంగారు వీలున్నప్పుడు చెప్పగలరు.