జట్టు పోటీలతో డిజైన్ ప్రక్రియను నిజంగా నేర్పగలమా?

చర్చాంశం: గోపురం కట్టడం, కాగితపు వంతెన నిలపడం వంటి జట్టు పోటీలతో బీటెక్ మొదటి సంవత్సరం విద్యార్థులకు, ఉన్నత పాఠశాల పిల్లలకు ఇంజనీరింగ్ డిజైన్ నేర్పడం సరైన పద్ధతేనా?

మెకానికల్ అధ్యాపకుడు (చర్చ ప్రారంభించినవారు):
నలుగురేసి విద్యార్థులకు 20 స్పఘెట్టి పుల్లలు (సేమ్యా లాంటి పొడవాటి ఎండు పుల్లలు), గజం టేపు, గజం దారం, ఒక మార్ష్‌మాలో (మెత్తని మిఠాయి) ఇచ్చి, 18 నిమిషాల్లో అన్నిటికంటే ఎత్తైన గోపురం కట్టమనే పోటీ ఇప్పుడు చాలా కళాశాలల్లో కొత్త విద్యార్థులకు జరిపే ఇండక్షన్ కార్యక్రమంలో భాగమైంది. దీన్ని డిజైనర్ పీటర్ స్కిల్‌మన్ రూపొందించగా, 2010లో టామ్ వుజెక్ టెడ్ వేదికపై చేసిన ప్రసంగంతో అది ప్రపంచమంతటికీ తెలిసింది. సమయం ముగియగానే ఎత్తు కొలిచి, విద్యార్థులు డిజైన్ ప్రక్రియ నేర్చుకున్నారని మనం నివేదిక రాసుకుంటాం. నా అభ్యంతరం అక్కడే ఉంది. అవసరమేమిటో స్పష్టంగా రాసుకోవడం, పరిమితులు గుర్తించడం, రెండు మూడు మార్గాలు ఆలోచించి వాటిలో ఒకదాన్ని కారణం చెప్పి ఎంచుకోవడం, నమూనా చేసి పరీక్షించడం, పరీక్షలో తెలిసినదాన్ని బట్టి మార్చడం, ఇవన్నీ కలిస్తేనే అది ప్రక్రియ అవుతుంది. 18 నిమిషాల్లో జరిగేది మొదట తోచినదాన్ని కట్టేయడం మాత్రమే. ఆ గోపురం ఎందుకు నిలిచిందో గెలిచినవారు చెప్పలేరు, ఎందుకు కూలిందో ఓడినవారూ చెప్పలేరు. కొత్తగా నేర్చుకునేవారిని తగిన మార్గదర్శకత్వం లేకుండా వదిలేసే బోధన ఫలించదని 2006లో విద్యా పరిశోధకులు కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ వాదించారు. ముందు బలాల పాఠం చెప్పి, ఆ తరువాతే కట్టించాలని నేను భావిస్తున్నాను.

భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల:
మాస్టారూ, మార్గదర్శకత్వం కావాలన్న మీ మాటను పూర్తిగా అంగీకరిస్తాను. అయితే అది ముందస్తు ఉపన్యాసం రూపంలోనే ఉండాలన్నది అంగీకరించలేను. మీరు చెప్పిన ప్రసంగంలోనే వుజెక్ మరో సంగతి చెప్పారు: 10,000 డాలర్ల విలువైన బహుమతి పెట్టినప్పుడు పది జట్లలో ఒక్కటి కూడా గోపురాన్ని నిలపలేకపోయింది, అదే విద్యార్థులకు నాలుగు నెలల తరువాత మళ్లీ అవకాశమిస్తే చక్కగా కట్టారు. కాబట్టి లోపం పోటీలో లేదు, ఒక్కసారితో ఆపేయడంలో ఉంది.

మా బడిలో స్పఘెట్టి దొరకదు, అవసరమూ లేదు. కొబ్బరి ఈనెలు, పురికొస, సైకిలు ట్యూబు నుంచి కత్తిరించిన రబ్బరు ముక్కలు ఇస్తాను. ఈనె మొదట్లో లావుగా, చివర సన్నగా ఉంటుంది కనుక ఏ ముక్క ఎక్కడ వాడాలన్నదే పిల్లలు తీసుకోవలసిన మొదటి నిర్ణయం అవుతుంది. మొదటి పీరియడ్‌లో కట్టిన గోపురాలు దాదాపు అన్నీ పక్కకు ఒరుగుతాయి. రెండో పీరియడ్‌లో ఎవరినీ కట్టనివ్వను. ఒక ఈనె ముక్కను వంటింటి తూకం మీద నిలువుగా పెట్టి, అది పక్కకు వంగేదాకా వేలితో నొక్కి, తూకం చూపిన అంకె రాసుకోమంటాను. అదే లావున్న ముక్కను సగానికి కత్తిరించి నొక్కితే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ భారం తట్టుకుంటుంది. పొడవు సమానంగా ఉండి లావు సగమైతే, సిద్ధాంతం ప్రకారం పదహారో వంతు భారానికే వంగిపోతుంది. సన్నని స్తంభం ఎంత భారానికి పక్కకు వంగుతుందో తెలిపే ఆయిలర్ సూత్రం చెప్పేది ఇదే. అయితే అప్పటికి తమ గోపురం ఒరిగిపోయి ఉండటం వల్ల, ఆ సూత్రం పిల్లలకు తమ ప్రశ్నకు దొరికిన జవాబుగా కనిపిస్తుంది. లావు ముక్కలు కిందికి, పొట్టి ముక్కలతో త్రిభుజాలు, అడ్డకట్లు, ఇవన్నీ మూడో పీరియడ్‌లో వారే ప్రతిపాదిస్తారు. మీరు కోరుతున్న బలాల పాఠం ఇక్కడా ఉంది, కాకపోతే మొదటి వైఫల్యానికీ రెండో నిర్మాణానికీ మధ్య ఉంది.

స్ట్రక్చరల్ ఇంజనీరు, హైదరాబాద్:
కొలమానాన్ని కూడా మార్చాలి. ఎత్తు ఒక్కటే కొలిస్తే విద్యార్థులు సాహసానికే అలవాటు పడతారు. ప్రతి ఈనెకు, ప్రతి మూర పురికొసకు ఒక ధర పెట్టి, మోసిన భారాన్ని మొత్తం ఖర్చుతో భాగించి చూడండి. అప్పుడు దేన్ని వదులుకుని దేన్ని పొందాలన్న చర్చ జట్టులో తనంతట తానే పుడుతుంది. అమెరికాలోని ఎంఐటీలో 1970 దశకంలో అధ్యాపకుడు వుడీ ఫ్లవర్స్ పేరు తెచ్చిన డిజైన్ కోర్సులో విద్యార్థులందరికీ ఒకే రకం సామగ్రి ఇచ్చి యంత్రాలు చేయించేవారు. ఆ స్ఫూర్తితోనే, 1989లో ఆవిష్కర్త డీన్ కేమన్ స్థాపించిన ‘ఫస్ట్’ (FIRST) అనే సంస్థ 1992 నుంచి రోబో పోటీలు నడుపుతోంది. ఫ్లవర్స్ విద్యార్థులకు దొరికిన వ్యవధి వారాల్లో ఉండేది, నిమిషాల్లో కాదు.

ఇటీవల బీటెక్ పూర్తి చేసిన విద్యార్థిని:
జట్టు అనే మాటను ఇంత తేలికగా తీసుకోకండి. మా తరగతిలో ప్రతిసారీ అబ్బాయిలే కత్తెర, జిగురు అందుకునేవారు. అమ్మాయిలకు రికార్డు రాసే పని వచ్చేది. చివరికి మార్కులు అందరికీ సమానంగా పడ్డాయి, అనుభవం మాత్రం పడలేదు. ప్రతి పీరియడ్‌కూ పనులు మార్చాలని, చివర ఒక్కొక్కరినీ విడిగా ప్రశ్నించాలని నా గట్టి అభిప్రాయం.

మెకానికల్ అధ్యాపకుడు:
తూకం ప్రయోగం నాకు బాగా నచ్చింది. రెండు నిర్మాణాల మధ్య పాఠం పెట్టడాన్ని ఒప్పుకుంటున్నాను. అయినా, అరవై మంది ఉన్న సెక్షన్‌లో పదిహేను జట్లను ఒక్కరే గమనించడం అసాధ్యమన్న నా అభ్యంతరం అలాగే ఉంది. దీన్ని ఇండక్షన్ వారం నుంచి తీసి ఇంజనీరింగ్ వర్క్‌షాప్ గంటల్లో పెట్టాలన్నది నా ప్రతిపాదన. అక్కడ సెక్షన్‌ను బ్యాచ్‌లుగా విభజిస్తారు, సహాయకులు ఉంటారు. ఇప్పుడు ఆ గంటల్లో అందరూ ఒకే కొలతలతో వీ-ఫిట్ (V ఆకారంలో అమరే లోహపు ముక్కలు), డవ్‌టెయిల్ జాయింట్ (చెక్క ముక్కల అతుకు), రేకు గరాటు చేస్తున్నారు. చేతికి నైపుణ్యం వస్తోంది గానీ, నిర్ణయం తీసుకునే అవసరం ఎవరికీ రావడం లేదు.

భౌతికశాస్త్ర ఉపాధ్యాయురాలు:
వర్క్‌షాప్ గంటలైతే మరీ మంచిది. ఒక్క షరతు మాత్రం పెట్టండి: రెండో గోపురం కూలినా, మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఏం మార్చారో, ఏ కొలతను బట్టి మార్చారో రాసి చూపిన జట్టుకు పూర్తి మార్కులు ఇవ్వాలి. ఎత్తుకు మార్కులుంటే పిల్లలు పక్క జట్టును చూసి కడతారు.