కారు షెడ్డు షట్టర్ ఒక వైపే లేస్తోంది, స్ప్రింగ్ తెగిందా? మనమే మార్చుకోవచ్చా?

వేదాయపాళెం_ఇల్లు
నెల్లూరు వేదాయపాళెంలో ఉంటాం. కింద కారు పెట్టే చోటికి 10 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు రోలింగ్ షట్టర్ ఉంది. నాన్న పెట్టించి పదకొండేళ్లయింది. మొన్న రాత్రి పైన టపాకాయ పేలినట్టు ఒక్క చప్పుడు వచ్చింది. పొద్దున ఎత్తబోతే కుడి వైపు లేస్తోంది, ఎడమ వైపు కదలడం లేదు. నేనూ తమ్ముడూ కలిసి సగం దాకా ఎత్తాం. చేతులు సడలగానే దబ్బున కిందపడింది. తమ్ముడి కాలికి జానెడు దూరంలో తప్పింది. కారు లోపలే ఇరుక్కుంది. వీడియోల్లో పైపు పానా వేసి తిప్పేస్తున్నారు, చూడటానికి తేలిగ్గానే ఉంది. నేను చేయొచ్చా?

కావలి_కిరాణా
అన్నా, ముందు ఆ షట్టర్ జోలికి పోవద్దు. చప్పుడు వచ్చింది, ఒక వైపు ఆగింది, వదిలితే పడుతోంది. మూడూ కలిశాయంటే ఎడమ స్ప్రింగ్ తెగినట్టే. మా కొట్టుకీ అచ్చం ఇట్లాగే అయింది. పిల్లల్ని అటు పోనీయొద్దు.

కర్నూలు_రోడ్డు_వెల్డింగ్
ఒంగోలులో ఇరవై ఏళ్లుగా షట్టర్ల పని చేస్తున్నాను. లోపల ఏముందో తెలిస్తే ఎక్కడ ప్రమాదమో మీకే అర్థమవుతుంది.

పైన చుట్ట మధ్యలో ఇనుప పైపు ఉంటుంది. చేత్తో ఎత్తే మామూలు షట్టర్లలో ఆ పైపు తిరగదు. రెండు చివర్లా గోడ బ్రాకెట్లకు క్లాంపులతో బిగించి ఉంటుంది. దాని మీద పుల్లీలు, ఒక్కో పుల్లీలో ఒక్కో స్ప్రింగ్. మన వైపు ఎక్కువగా గడియారం స్ప్రింగులా చుట్టిన ఉక్కు పట్టీలే వాడతారు. స్ప్రింగ్ లోపలి కొన పైపును పట్టుకుంటుంది, బయటి కొన పుల్లీని పట్టుకుంటుంది. షట్టర్ రేకు పట్టీల్లో అన్నిటికంటే పైదాన్ని పుల్లీలకు బోల్టులతో కట్టేస్తారు. షట్టర్ దించేకొద్దీ పుల్లీలు తిరిగి స్ప్రింగులు బిగుసుకుంటాయి. ఎత్తేటప్పుడు ఆ బిగువే బరువు మోస్తుంది. మీరు చేత్తో ఇచ్చేది చిన్న సాయమే.

1.25 మి.మీ. రేకు చదరపు మీటరుకు దాదాపు 10 కిలోలు తూగుతుంది. మీది దాదాపు ఏడున్నర చదరపు మీటర్లు. పట్టీల మడతలు, అడుగు పట్టీ, తాళం అన్నీ కలిపితే 80 కిలోలకు తగ్గదు. ఇన్నాళ్లూ ఆ బరువు మోసింది స్ప్రింగులే. ఇప్పుడు ఒకటి పోయింది, రెండోదాని మీద అంతా పడింది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. షట్టర్ నేలకు దిగి ఉంది కదా, కదలదు కదా, ఇప్పుడే బోల్టులు విప్పొచ్చు అనుకుంటారు. దించి ఉన్నప్పుడే స్ప్రింగులు అన్నిటికంటే ఎక్కువ బిగువులో ఉంటాయి. పైకి చుట్టుకున్నప్పుడు బిగువు తగ్గుతుంది, కానీ పూర్తిగా పోదు. కొన్ని చుట్ల బిగువు ముందే ఎక్కించి పెడతాం. అందుకే పై పట్టీ బోల్టులు గానీ, బ్రాకెట్ క్లాంపులు గానీ ఒంటరిగా విప్పకూడదు. క్లాంపు వదులవగానే పైపు గిర్రున తిరుగుతుంది, దానికి వేసిన పానా కర్రలా వచ్చి కొడుతుంది.

పొగతోట_మేనల్లుడు
ఈ చివరి మాట మా ఇంట్లో జరిగింది. మా మేనమామ స్టూలు ఎక్కి క్లాంపు విప్పాడు, పానా ఒక చేత్తోనే పట్టుకున్నాడు. అది తిరిగి మణికట్టు మీద కొట్టింది, ఎముక విరిగింది. స్టూలు మీద నుంచి పడ్డాడు కూడా. ఇప్పటికీ ఆ చేత్తో బిందె ఎత్తలేడు. దయచేసి మీరు చేయకండి. ఆయన మంచం మీద ఉన్న మూడు నెలలూ మా అత్త పడిన బాధ నేను చూశాను.

సింగరాయకొండ_టీచరమ్మ
మాది కూడా బరువెక్కింది. కానీ చప్పుడేమీ రాలేదు. రెండు వైపులా సమానంగా బరువు, నెలనెలా కొంచెం కొంచెం పెరిగింది. ఇదీ స్ప్రింగేనా?

కర్నూలు_రోడ్డు_వెల్డింగ్
టీచరమ్మ గారూ, మీది వేరే రకం కావచ్చు. నడుం ఎత్తున షట్టర్ ఆపి, చేతులు దగ్గరే ఉంచుకుని మెల్లగా సడలించి చూడండి. కాళ్లు, వేళ్లు దాని కింద ఉండకూడదు. అక్కడే నిలిస్తే స్ప్రింగులు బాగున్నాయి, షట్టర్ అంచులు జారే పక్క గాడుల్లోనే రాపిడి ఉంది. కిందికి జారిపోతే స్ప్రింగులు అలిసిపోయాయి. పైకి లాక్కుపోతే బిగువు ఎక్కువైంది. ఈ పరీక్ష మెల్లగా బరువెక్కిన వాటికే. వేదాయపాళెం తమ్ముడిలా చప్పుడొచ్చి ఒక వైపు ఆగినవాళ్లు చేయొద్దు.

సముద్రం దగ్గర ఉన్నారు కాబట్టి ఉప్పు గాలికి పక్క గాడుల అడుగు భాగం తుప్పు పట్టి ఉబ్బుతుంది. పట్టీ అక్కడ ఒరుసుకుంటుంది.

చీమకుర్తి_నుంచి
మా దగ్గర ఉప్పు లేదు గానీ రాయి దుమ్ము ఉంది. గాడుల్లో వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోశాం. దుమ్మంతా అతుక్కుని సిమెంటులా గట్టిపడింది. గీకి శుభ్రం చేసి, గ్రాఫైట్ పొడి రాస్తే సగం బరువు తగ్గింది. స్ప్రింగ్ మార్చే అవసరమే రాలేదు.

టెక్సాస్_నెల్లూరోడు
మాది బుచ్చిరెడ్డిపాళెం, ఇప్పుడు డాలస్ దగ్గర ఉంటున్నాను. ఇక్కడి గ్యారేజీ తలుపు చుట్టుకోదు, పలకలుగా పైకప్పు కిందికి జరుగుతుంది. తలుపు పైన అడ్డంగా కడ్డీ, దాని మీద బొంగులాంటి పొడవైన స్ప్రింగ్. మామూలు స్ప్రింగ్ 10,000 సార్లు తెరిచి మూసేంత వరకు అని లెక్కేస్తారు. రోజుకు నాలుగు సార్లయితే ఏడేళ్లలోపే అయిపోతుంది. తెగితే చుట్ల మధ్య రెండంగుళాల ఖాళీ కనబడుతుంది, అదే గుర్తు.

కొత్తది కొనాలంటే నాలుగు కొలతలు కావాలి: తీగ మందం, లోపలి వ్యాసం, బిగువు లేనప్పటి పొడవు, చుట్టు కుడిదా ఎడమదా. తీగ మందానికి 20 చుట్లు కలిపి కొలిచి 20తో భాగిస్తారు. 5 అంగుళాలు వస్తే తీగ పావు అంగుళం. 7 అడుగుల తలుపుకు ఏడున్నర చుట్ల దాకా బిగువు ఎక్కిస్తారు. దానికోసం ప్రత్యేకమైన ఉక్కు కడ్డీలుంటాయి. స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పినవాళ్లకే దెబ్బలు తగులుతాయి. నేను కొలతలన్నీ నేనే తీసుకున్నాను, బిగించే పనికి మాత్రం మనిషిని పిలిచాను. ఇద్దరు చిన్నపిల్లల తండ్రిని, ఆ డబ్బు మిగుల్చుకోవాలనిపించలేదు.

కావలి_కిరాణా
మోటారు ఉన్నవాళ్లకు ఒక మాట. స్ప్రింగ్ తెగాక బటన్ నొక్కుతూ ఉంటే మోటారు వేడెక్కి ఆగిపోతుంది. మేం నాలుగైదు సార్లు నొక్కి గేరు పాడుచేసుకున్నాం. అన్నిటికీ స్ప్రింగ్ ఉండదు కూడా. పక్కన చైనుతో తిప్పే పెద్ద మోటార్లకు చాలావరకు ఉండదు, మధ్యలో పైపు మీద బిగించే మోటార్లకు ఉంటుంది.

వేదాయపాళెం_ఇల్లు
మీ అందరి మాటలు చదివాక పానా పక్కన పెట్టేశాను. షట్టర్ మెకానిక్ తన మనిషితో వచ్చాడు. మేం నలుగురం కలిసి పూర్తిగా ఎత్తాం. కింద రెండు వైపులా సరుగుడు బాదులు నిలబెట్టి, వాటిని గాడులకు తాళ్లతో కట్టారు. అప్పుడు కారు బయటికి తీశాం. తర్వాత ఇద్దరూ చెరో వైపు పానా పట్టుకుని క్లాంపులు వదులు చేసి, ఒక్కో చుట్టూ లెక్కపెడుతూ బిగువు వదిలారు. ఆ లెక్క సుద్దతో గోడ మీద రాసుకున్నారు. చుట్ట మొత్తం కిందికి దించాకే పుల్లీలు విప్పారు.

ఎడమ స్ప్రింగ్ పైపును పట్టుకునే వంపు దగ్గరే తెగింది. సరిగ్గా అక్కడే తుప్పు. పైన సన్‌షేడ్ పగులు నుంచి వాన నీళ్లు ఎన్నేళ్లుగానో పుల్లీలోకి కారుతున్నాయి. మన నెల్లూరులో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలు తెలుసు కదా, 2021 నవంబరులో అయితే రోజుల తరబడి ఆ గోడ ఆరలేదు. కుడి స్ప్రింగ్ బాగానే కనిపించింది గానీ, దాని వయసూ పదకొండేళ్లే కాబట్టి రెండూ మార్పించాను. తెగిన ముక్క తీసుకెళ్లి అదే వెడల్పు, అదే మందం, అదే పుల్లీ సైజు చూసి తెచ్చారు.

ఇప్పుడు అమ్మ ఒక్క చేత్తో ఎత్తుతోంది. నడుం దగ్గర ఆపితే ఆగుతోంది. రేపు సన్‌షేడ్ పగులు పూడ్పిస్తున్నాను.

కర్నూలు_రోడ్డు_వెల్డింగ్
మంచి పని చేశారు తమ్ముడూ. పది రోజుల తర్వాత క్లాంపు బోల్టులు ఒకసారి ఆ మెకానిక్‌తోనే బిగింపు చూపించుకోండి. గోడ మీది సుద్ద లెక్క చెరిపేయకండి, పెయింటుతో రాయించండి. మళ్లీ వచ్చేవాడికి అదే కావాలి.