మూడుంబావు, ముప్పావు: ఒక్క ‘ను’ తేడా

ప్రశ్న (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

మా ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. బాబు ఐదో తరగతి. ఇప్పుడు భిన్నాల పాఠం నడుస్తోంది. ‘పావణే తీన్ అధిక దీడ్’ (2¾ + 1½) అని నోటిలెక్క ఇస్తే, పావణే తీన్‌ను 3¼ అని రాసుకొచ్చాడు. పావు వినబడింది, తీన్ వినబడింది, రెండూ కలిపేశాడు. తెలుగులో చెబుదామంటే నాకే రెండు మాటలు వస్తున్నాయి: ‘రెండు ముప్పావు’, ‘పావు తక్కువ మూడు’. ఏది సరైనది? పనిలో పని, రెండుంబావు, మూడుంబావు అంటాం కదా, మధ్యలో ఆ ‘ంబా’ ఎక్కడిది? పెద్దలు కాస్త చెప్పండి, పరీక్ష దగ్గరికొస్తోంది, వాడికంటే నాకే టెన్షన్.

జవాబు (కిన్వట్, నాందేడ్ జిల్లా)

అక్కా, ముందు చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. అది తెలిస్తే లెక్క సగం తెలిసినట్టే.

పాత తెలుగులో రెండిటిని కలపడానికి ‘ను’ చేరుస్తారు: రాముడును లక్ష్మణుడును. అలాగే రెండును, పావును. ఆ ‘ను’ ద్రుతం. ద్రుతం మీద పరుషం (క, చ, ట, త, ప) వస్తే సరళంగా (గ, జ, డ, ద, బ) మారుతుందని బళ్లో చదివిన సంధే ఇది. పూచెను, కలువలు కలిస్తే పూచెంగలువలు అయినట్టు రెండును, పావు కలిస్తే రెండుంబావు. ‘అర’ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి మారడానికి అక్కడ పరుషం లేదు, మూడున్నర అయింది. కిలోన్నర, గంటన్నర, ఏడాదిన్నర కూడా ఇదే వరస. అంటే ఆ సున్నా, ఆ ‘న్న’, రెండూ నా లెక్కలో ప్లస్ గుర్తులే.

ఇప్పుడు ‘ను’ తీసేసి చూడండి. మూడు, పావు నేరుగా కలిస్తే ముప్పావు. ముప్పై అంటే మూడు పదులు, ముమ్మారు అంటే మూడు మార్లు, ముప్పావు అంటే మూడు పావులు. ఇది గుణకారం. మూడుంబావు 3¼, ముప్పావు ¾. అవే రెండు మాటలు, మధ్యలో ‘ను’ ఉంటే కూడిక, లేకపోతే హెచ్చవేత. పిల్లలకు మిశ్రమ భిన్నం చెప్పడానికి ఇంతకంటే మంచి జత నాకు తెలియదు.

ఎందుకంటే అంకెల్లో రాసేటప్పుడు ఈ తేడా కనబడదు. 3¼ అని పక్కపక్కన రాస్తాం, మధ్యలో గుర్తు ఉండదు, కూడిక అని మనమే అనుకోవాలి. రెండేళ్లు పోయాక బీజగణితంలో 3x అని అదే పద్ధతిలో రాసి, ఇది గుణకారం అంటాం. పిల్లాడు తికమక పడటంలో వింతేముంది? నోటితో ‘మూడుంబావు’ అన్నవాడికి ఆ ఇబ్బంది తక్కువ.

ఇక ‘రెండు ముప్పావు’, ‘పావు తక్కువ మూడు’. రెండూ సరైనవే. మన పాత గణితంలో ఈ రెండు రకాలకూ విడివిడిగా పేర్లున్నాయి. పూర్ణాంకానికి భిన్నం చేరిస్తే భాగానుబంధం, పూర్ణాంకంలోంచి భిన్నం తీసేస్తే భాగాపవాహం. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో, 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు లీలావతిలో రెండిటినీ చెప్పారు. మహావీరుడి గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. ఇప్పటి పుస్తకాల్లో భాగానుబంధమే మిశ్రమ భిన్నం పేరుతో మిగిలింది. రెండోది పాఠంలోంచి పోయి బజారులోనూ గడియారంలోనూ బతుకుతోంది.

మరాఠీలో మాత్రం ఇప్పటికీ గట్టిగా ఉంది. పాఊణ్, పావణే రెండూ సంస్కృత ‘పాదోన’ నుంచి వచ్చినవి, పాదం ఊనం, అంటే పావు తక్కువ. సవ్వా ‘సపాద’, పావుతో కూడినది. సాడే ‘సార్ధ’, సగంతో కూడినది. బాబుకు ఈ మూడూ నేర్పితే చాలు: సవ్వా అంటే చేర్చు, సాడే అంటే చేర్చు, పావణే అంటే తగ్గించు. దీడ్ (1½), అడీచ్ (2½) మాత్రం విడిగా బట్టీ పట్టాల్సిందే. అడీచ్ ‘అర్ధతృతీయ’ నుంచి వచ్చింది, మూడోదాంట్లో సగం అన్నమాట. అందుకే సాడేదోన్ అనరు, సాడే మూడు నుంచే మొదలవుతుంది.

వాడి లెక్క ఇప్పుడు తేలికే. పావణే తీన్‌ను మూడుగా తీసుకుని దీడ్ కలిపితే నాలుగున్నర. ముందు వదిలేసిన పావు తీసేస్తే నాలుగుంబావు. కాగితం మీదైతే 2¾ అంటే పదకొండు పావులు, 1½ అంటే ఆరు పావులు, మొత్తం పదిహేడు పావులు, అంటే 4¼. నోటిలెక్కకు మొదటిదే హాయి. పరీక్షలో మాత్రం రెండోదే రాయమనండి, మార్కులు మెట్లకు కదా.

జవాబు (ధర్మాబాద్)

సంధి బాగుంది గానీ అన్నా, అన్నీ పావులైతే ఎవరైనా కూడతారు. మూడో వంతు వస్తే ఏం చేయాలి? మా అమ్మాయి పైవి పైవి, కిందవి కిందవి కూడేస్తోంది.

జవాబు (కిన్వట్)

అలా కూడితే ½, ½ కలిసి 2/4 అవుతుంది, అంటే మళ్లీ సగమే. రెండు అర రొట్టెలు పెట్టి, మొత్తం అర రొట్టే ఉందంటావా అని అడగండి, తనే మానేస్తుంది.

అసలు విషయం కింది అంకె లెక్కపెట్టేది కాదు, పేరు. ముప్పావులో ‘పావు’ పేరు, ‘మూడు’ లెక్క. పేర్లు వేరైతే కూడలేం, ముందు రెండిటికీ ఒకే పేరు పెట్టాలి. మన రైతులకు ఇది కొత్త కాదు. ఎకరానికి 40 గుంటలు మహారాష్ట్రలోనూ తెలంగాణలోనూ ఒకటే. ఎకరం ముప్పావు అంటే 70 గుంటలు, రెండెకరాల ఐదు పరకలు అంటే 105 గుంటలు (పరక అంటే ఎనిమిదో వంతు, ఎకరంలో ఐదు గుంటలు). మొత్తం 175 గుంటలు, నాలుగెకరాల పదిహేను గుంటలు. హారాలు (కింది అంకెలు) సమానం చేయడమంటే ఇంతే.

గుంటలు పావుకూ పరకకూ సరిపోయాయి, మూడో వంతుకు సరిపోవు. ఎకరంలో మూడో వంతు అంటే పదమూడు గుంటలు పోగా ఇంకా గుంటలో మూడో వంతు మిగులుతుంది. అక్కడే కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) కావాలి, మరాఠీ బడిలో దాన్నే లసావి అంటారు. 3⅔, 2¾ కూడాలంటే మూడుకూ నాలుగుకూ కసాగు పన్నెండు. ⅔ అంటే పన్నెండింట ఎనిమిది వంతులు, ¾ అంటే తొమ్మిది వంతులు. మొత్తం పదిహేడు, అందులో పన్నెండు పోతే ఒక పూర్ణం, ఐదు వంతులు మిగులు. మూడూ రెండూ ఐదు, చేతికొచ్చిన ఒకటితో ఆరు. జవాబు ఆరు, పన్నెండింట ఐదు వంతులు. పిల్లలు ఎక్కువగా మర్చిపోయేది చేతికొచ్చిన ఆ ఒకటినే.

‘వంతు’ అన్నాను కాబట్టి నా పాత కోపం ఒకటి. ‘నాలుగింట మూడో వంతు’ అని చదివేవాళ్లు ఎక్కువయ్యారు. మూడో వంతు అంటే ⅓. అనాల్సింది నాలుగింట మూడు వంతులు. పేపర్లలో ‘మూడింట రెండొంతుల మెజారిటీ’ అని సరిగ్గానే రాస్తారు మరి.

జవాబు (పర్లాకిమిడి, గజపతి జిల్లా)

మా వైపు ఒడియాలో లవం (పై అంకె) ‘లబ’, హారం ‘హర’, కాబట్టి పేర్ల గొడవ లేదు. మీకు మరాఠీలో అంశ్, ఛేద్ కదా? ఒకటిన్నర, రెండున్నర మాకూ దేఢ, అఢేఇ. కసాగును మాత్రం ఇక్కడ లసాగు అంటారు. ఇంతకీ ‘పావు తక్కువ ఒకటి’ అనొచ్చా గురువు గారూ?

జవాబు (కిన్వట్)

అవునండీ, అంశ్, ఛేద్. ‘సాత్‌బారా’ (7/12 అని రాస్తారు) భూమి కాగితం చూసి అది పన్నెండింట ఏడు వంతుల పొలం అనుకున్న పిల్లలు కూడా ఉన్నారు మా దగ్గర. అది ఏడో నమూనా, పన్నెండో నమూనా కలిపిన పేరు.

గడియారం దగ్గర పావు తక్కువ ఒకటి అనొచ్చు, పన్నెండూ నలభై ఐదుకు. తూకం దగ్గర మాత్రం ముప్పావు కిలో అనే అడగండి, ఇక్కడ పాఊణ్ కిలో అంటారు. పావు తక్కువ కిలో అంటే కొట్టువాడు కిలో తూచి, అందులోంచి పావు తీస్తాడేమో!